నర్సింహులన్న ఆపేసిన మందు

2023 ఎండాకాలం. వనపర్తి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు తిరిగే పాలియేటివ్ కేర్ నర్సుని నేను. నయం కాని జబ్బులున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, నొప్పి తగ్గించి, ఉన్నన్నాళ్లు కాస్త నెమ్మదిగా ఉండేలా చూడటం మా పని.

వీపనగండ్ల దగ్గర ఒక ఊళ్లో నర్సింహులన్న ఉండేవాడు. బొంబాయిలో, పూణేలో ఇరవై ఏళ్లు స్లాబులు పోసిన మనిషి. భార్య చంద్రమ్మ కరువుపనికి, అంటే ఉపాధి హామీ కూలికి, పోయేది. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి పక్కటెముకలకు పాకింది. డాక్టరు మార్ఫిన్ గోలీలు రాశారు. మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుంది కానీ పేగుల కదలికను మందగింపజేస్తుంది. అందుకే దానితోపాటు విరేచనం సాఫీగా కావడానికి లాక్టులోజ్ సిరప్ తప్పనిసరిగా ఇస్తారు. ఈ సంగతి నేనే ఆయనకు చెప్పాను. ఆ సిరప్ వల్ల ఏమేం కావచ్చో మాత్రం చెప్పలేదు.

మరుసటి వారం వెళ్లినప్పుడు సిరప్ గురించి అడిగాను. "టానిక్ తాగుతున్నవా అన్నా?"

"తాగుతున్న సిస్టర్."

"మోషన్ అయితుందా?"

"అయితుంది."

కాగితం మీద టిక్కు పెట్టుకుని వచ్చేశాను.

ఆ పై వారం వెళ్లేసరికి గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ఒళ్లంతా చెమట. పళ్లు బిగబట్టి మూలుగు ఆపుకుంటున్నాడు. పొట్ట మీద చెయ్యి పెడితే రాయిలా ఉంది. మార్ఫిన్ గోలీలు చాలావరకు అలాగే ఉన్నాయి. సిరప్ సీసా దాదాపు నిండుగా ఉంది.

డాక్టరుకు ఫోన్ చేశాను. వాంతులున్నాయా, గ్యాస్ పోతోందా అని ఆయన ఒక్కొక్కటే అడిగి, ఎనిమా ఇమ్మన్నారు. ఇచ్చాక గంటకు కొంచెం తేరుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"అది తాగినకాంచి కడుపుల ఒకటే గుడగుడ. మూడోనాడు ఆపుకోలేకపోతి. ఇంట్ల ఎవ్వరు లేరు. మంచంలనే అయిపాయె. చంద్రమ్మ పొద్దంత ఎండల కరువుపని చేసొచ్చి నా బట్టలు పిండింది. ఒక్కమాట అనలే. గందుకే ఆపిన."

"మరి నొప్పి గోలీ ఎందుకాపినవ్?"

"టానిక్ ఆపితే బిగుసుకపాయె. గోలీతోనే బిగుస్తదని నువ్వే జెప్తివి గద సిస్టర్. ఇగ దాన్ని గూడ ఆపిన."

నేను సగం చెప్పి వదిలేసిన మాట పట్టుకుని ఆ మనిషి పది రోజులు ఎముకల నొప్పి ఓర్చుకున్నాడు.

అప్పటికే పని నుంచి వచ్చిన చంద్రమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ముగ్గురు పిల్లల గుడ్డలు పిండిన చేతులయ్యా ఇవి," అన్నది మెల్లగా. "నీవి బరువైతయా నాకు?" ఆయన మొహం మీద తువ్వాలు కప్పుకున్నాడు.

మొదట్లోనే చెప్పాల్సింది ఆ రోజు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. మొదటి కొన్ని రోజులు గ్యాస్, కడుపుబ్బరం ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి. నీళ్లు సరిగా తాగాలి. విరేచనాలు ఎక్కువైతే ఓర్చుకోవద్దు, నాకు ఫోన్ చేయాలి, డాక్టరు మోతాదు తగ్గిస్తారు. ఎవరికి వాళ్లు ఆపేయకూడదు. డాక్టరు సిరప్ మోతాదును సగం చేశారు. మంచం పక్కన పెట్టుకోవడానికి కమోడ్ కుర్చీ ఒకటి ఆటోలో తీసుకెళ్లి ఇచ్చాను. మార్ఫిన్ మళ్లీ మొదలయ్యాక రెండు రోజుల్లో నొప్పి నెమ్మదించింది. పాలల్లో నానబెట్టిన జొన్నరొట్టె కొంచెం తిన్నాడని చంద్రమ్మ ఫోన్ చేసి చెప్పింది.

ఇంకో నెల బతికాడు.

ఆయన పోయాక పలకరించడానికి వెళ్లినప్పుడు చంద్రమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఆ పది దినాలు పక్క మంచంలనే పండుకున్న సిస్టర్. గంత నొప్పి ఉన్నట్టు నాకెందుకు తెల్వలే?"

తెలుసుకోవాల్సింది నేనని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు ఆ సిరప్ ఇచ్చేటప్పుడే దానివల్ల ఏమవుతుందో అంతా చెప్తాను. మళ్లీ వెళ్లినప్పుడు "తాగుతున్నవా?" అని ఊరుకోను. "తాగినంక ఏమైతుంది? అప్పుడు దగ్గర ఎవరుంటరు?" అని అడుగుతాను. చాలామంది తల దించుకుంటారు. వాళ్లు మాట్లాడేదాకా నేను కదలకుండా కూర్చుంటాను.