నల్లదారంపై నా యుద్ధం

ఒక కత్తెర, ఒక ఉపన్యాసం, రెండు నిమిషాలు. ఇంత చిన్న సరంజామాతో చంద్రపూర్‌లో ఒక వార్డునంతా గడగడలాడించాను. మీరు నవ్వండి, నేను సిగ్గుపడతాను.

నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో డాక్టరుగా శిక్షణకు చేరి అప్పటికి పదకొండు రోజులు. మూఢనమ్మకాల మీద వాదించి గెలిచిన కప్పులు ఇంటి నిండా ఉండేవి. నా చేతికి సూది కంటే మైకే బాగా అలవాటు.

రాజురా వైపు నుంచి వచ్చిన ఒక తల్లికి నెలలు నిండకుండానే కవల ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరూ అరచేతిలో ఇమిడేంత, ఇద్దరిదీ ఒకే ముఖం. ఆ మధ్యాహ్నం పడకలు శుభ్రం చేయడానికి ఇద్దరినీ వెచ్చదనమిచ్చే ఒకే వార్మర్ కింద పడుకోబెట్టారు. ఒకరి కాలికి నల్లదారం!

నాలోని వక్త లేచి నిలబడ్డాడు. తలుపు దగ్గరున్న పిల్లల అమ్మమ్మ ఎల్లవ్వను పట్టుకున్నాను.

"ఇదెందుకు కట్టినవ్ అవ్వా?"

"నేను కట్టలే సారూ."

"దిష్టి అనేదే లేదు! చూపుకే గంత బలముంటే ఇన్ని మిషన్లెందుకు?"

"ఉన్నదని నేనెప్పుడన్న? మీరే అంటున్నరు!"

ఎదుటివాళ్లు ఒప్పుకున్నా వాదన ఆపే అలవాటు నాకు లేదు. దారాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. పిల్ల కాళ్లు టపటపా కొట్టుకుంటే చప్పట్లనుకున్నాను. అదే ఊపులో ఇద్దరినీ ఎత్తి, దుప్పటి మార్చి, మళ్లీ పడుకోబెట్టాను.

సిరంజితో మరియమ్మ సిస్టర్ వచ్చింది. లాల్‌పేట్ గని కార్మికుడి కూతురు, ఆ వార్డులో నాకు అసలు గురువు.

"దారమేది సారూ?"

"మూఢనమ్మకం సిస్టర్. తీసేసిన."

"ఏంది? అది ఆపరేషన్ కుట్ల దారం! పేరు రాసిన ప్లాస్టిక్ పట్టీలు ఇద్దరికీ జారిపోతున్నయని పెద్దపిల్లకు గురుతుగ ఇందాక నేనే కట్టిన. ఊపిరి ఆగాగి వస్తున్నది దానికే, గీ మందు దానికే. చెప్పుండ్రి, ఏది పెద్దది?"

"కుడిపక్క... కాదు, దుప్పటి మార్చినప్పుడు..."

మందు వేళ దాటిపోతోంది. పిల్లలిద్దరూ నా వైపు జడ్జీల్లా చూస్తున్నారు.

సిస్టర్ అరవలేదు. ఒక్కో పాదాన్నీ వెలుతురులోకి తిప్పింది.

"పొద్దుగాల పెద్దదాని మడమ నుంచి రక్తం తీసిందెవరు?"

"నేనే."

"ఎన్నిసార్లు గుచ్చిండ్రు?"

"నాలుగు."

"ఇగో, నాలుగు సుక్కలు! మీ చేతకానితనం అక్కరకొచ్చింది."

అంతటితో ఆగలేదామె. ఇద్దరినీ తూచి, పొద్దున రాసిన బరువులతో సరిచూసుకున్నాకే మందు ఇచ్చింది. రుజువు కోసం గొంతు చించుకోవడం నాకు తెలుసు. రుజువు వెతకడం ఆమె నేర్పింది. ఆ రోజు ఆ బిడ్డ ఊపిరినీ, నా వృత్తినీ కాపాడిన చేతులవి. ఇప్పటికీ ఏ పసిపాదాన్ని పట్టుకున్నా ముందు ఆమెకే నమస్కరించుకుంటాను.

పెద్ద డాక్టరుకు జరిగిందంతా చెప్పి, చీవాట్లు తిని వచ్చాను. సిస్టర్ కొత్త దారం చేతికిచ్చింది. "మీరే కట్టుండ్రి." తలుపు దగ్గర ఎల్లవ్వ చూస్తుండగా కట్టాను.

మర్నాడు పొద్దున వార్డు తలుపు ముందు ఐదుగురు అవ్వలు. ఐదుగురి చేతుల్లోనూ నల్లదారాలు. అందరికంటే ముందు ఎల్లవ్వ.

"దిష్టి మీద నాకు నమ్మకం లేకుండె సారూ. మీ అంత చదివినాయన కట్టంగ సూసినంక కుదిరింది. వీళ్ల పిల్లలకు గూడ కట్టుండ్రి!"

ఇకమీదట కత్తెర తీసేముందు ప్రశ్న అడుగుతాను. అడిగాక జవాబు కూడా వింటాను. దేవుడి మీద ప్రమాణం చేసే అలవాటు లేదు కాబట్టి, మరియమ్మ సిస్టర్ మీద ఒట్టు.