మా నాన్న తెచ్చిన ముత్యాలు

నిన్న బీరువాలోంచి మా అమ్మ తాలూకు ముత్యాల దండ తీస్తే, పట్టుదారానికి పట్టించిన తేనెమైనం వాసన ఇన్నేళ్ళకీ ముక్కుకి తగిలింది. "కొత్త హారం ఉండగా బాపట్ల పెళ్ళికి ఇదెందుకత్తయ్యా?" అంది కోడలు. ఎందుకంటే, నా ఇష్టం!

మాది అడవులదీవి. నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాడు, అమ్మ తెల్లారకుండానే చేపల గంపెత్తుకుని రేపల్లె బస్సెక్కేది. ఎండాకాలం ఊరంతా ఎండుచేపల వాసన, వానాకాలం తడిసిన వలల వాసన, ఏ కాలమైనా అమ్మ చీరకి ఉప్పునీటి వాసన. పడవ ఇంజను పని మీద ఓసారి హైదరాబాద్ వెళ్ళిన నాన్న, "బస్రా ముత్యాలే, రాణులేసుకునేవంట" అంటూ ఈ దండ తెచ్చాడు. చేపలు కోసేటప్పుడు కూడా అమ్మ దాన్ని తీసేది కాదు. "మీ ఆయన వల్లో పడ్డాయా ఏంటే?" అని బజార్లో వెక్కిరిస్తే, "మీ ఆయన్ని కూడా పంపు, పడతాయేమో!" అనేది.

ఒకరోజు దండ తెగింది. గంపలో మంచుముక్కల మధ్యకి దొర్లిన ముత్యాలన్నీ ఏరి, కొంగున మూటగట్టి, అమ్మ నన్ను వెంటబెట్టుకుని తెనాలి వెళ్ళింది. అక్కడ ఓ సందులో ముత్యాలు గుచ్చే ముసలి సాయిబుగారు ఉండేవారు. నల్లగుడ్డ పరిచిన ఆయన పళ్ళెంలో మీగడ రంగు బస్రావి, ఏ రెండూ ఒక్కలా లేవు. జపాన్‌వి అచ్చుపోసినట్టు గుండ్రంగా, చైనావి బియ్యపుగింజల్లా ఉన్నాయి. వెనకటికి ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి మునిగి బస్రావి తెచ్చేవాళ్ళనీ, జపానోళ్ళు ముత్యాలు పెంచడం మొదలెట్టాక ఆ పని చేసేవాళ్ళే లేకుండా పోయారనీ చెప్తూ, ఒకటి నా పంటికి రాశారు. "గరగరలాడిందా? అయితే అసలుదే తల్లీ."

నేనూరుకుంటానా? మూటలోంచి మాదొకటి తీసి రాసుకుని, "తాతా, మాది జారిపోతోందేంటి?" అని అరిచాను. నా నోరు పడిపోను!

పెళ్ళి హారం గుచ్చించుకోవడానికొచ్చిన ఓ ఇల్లాలు, "చేపలమ్మే మెడకి అసలువెందుకులే" అని కిసుక్కున నవ్వింది. సాయిబుగారు తలెత్తకుండానే, "గాజువమ్మా. మామూలు దారం వెయ్యనా?" అన్నారు.

అమ్మ మొహం కందగడ్డైంది. "గాజువైతే ఏంటండి? మా ఆయన తెచ్చాడు. పట్టుదారమే వెయ్యండి, బస్రావాటికి వేసినట్టే ప్రతి ముత్యానికీ ముడెయ్యండి." ఆ ఇల్లాలి వైపు తిరిగి, "నా మెడ నేనే మోసుకుంటా, మధ్యలో మీకెందుకమ్మా బరువు?" అంది. ఆయన పొద్దు వాలేదాకా ముడి మీద ముడి వేస్తూ కూర్చున్నారు.

బస్సు భట్టిప్రోలు దాటాక అమ్మ నావైపు తిరిగింది. "మీ నాన్నతో అన్నావంటే వీపు విమానం మోత మోగిద్ది" అన్నప్పుడు చూశాను, ఏడుస్తోంది.

ఇంటికెళ్ళగానే నాన్న అడిగాడు: "సాయిబు ఏమన్నాడే?"

"ఇలాంటివి చూసి చాన్నాళ్ళైందన్నాడు" అంది అమ్మ. నాన్న మొహం చాటంతైంది.

ఇప్పుడా సందులో సెల్‌ఫోన్ల కొట్టుంది. కొత్త హారం కొన్నప్పుడు ముడేసి గుచ్చమంటే బాపట్ల కొట్లో అమ్మాయి నన్ను వింతగా చూసింది. అమ్మ పోయింది, ఆమె కన్నా ముందే నాన్న పోయాడు, ఆ దండ బస్రాదేనన్న నమ్మకంతోనే. రేపు పెళ్ళికి అదే వేసుకెళ్తాను. ఎవరడిగినా పందిరంతా వినబడేలా గాజువేనని చెప్తాను. ఆ మాట వినకూడని ఒక్క మనిషీ ఇప్పుడు లేడు.