పుష్పమ్మ ఎంచుకున్న చదువు

మా మాదన్నపేట వీధిలో ప్రకాశం అంటే కంచన్‌బాగ్ రక్షణ పరిశోధన ల్యాబులో పనిచేసే ఫిట్టరు. ఆయన కూతురు పుష్పమ్మ 1972లో పదో తరగతి పాసైంది. ఇక ఏం చదవాలన్నదే ఆ వేసవంతా ఇంట్లో లొల్లి.

"టైపు నేర్చుకో బిడ్డా. మా ఆఫీసుల పెట్టిస్త. కుర్చీల కూసుండే పని," అనేవాడు ప్రకాశం.

పుష్పమ్మకు నర్సు పని మీద మనసు. తల్లి సుందరమ్మ మంచాన పడితే కోలుకునేదాకా అన్నీ తనే చేసింది. ఆ చాకిరీ తనకు బరువనిపించలేదు.

యాకుత్‌పురా స్టేషను దగ్గర ఒక మేడమీద ఆరు నెలల్లో నర్సును చేస్తామని బోర్డు ఉండేది. తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లింది. గదిలో బల్లలు, గోడకు మనిషి ఎముకల బొమ్మ, కుర్చీలో ఆ చదువు నడిపే ఆయన.

"సార్, పని నేర్పేది ఏ దవాఖానల?" అని అడిగింది.

"ముందు సర్టిఫికెట్ తీసుకోమ్మా. ఆసుపత్రులు వాటంతట అవే పిలుస్తాయి," అన్నాడాయన.

"పేషెంట్లను ముట్టకుంటనే సర్టిఫికెటా?" అని లేచి వచ్చేసింది. ఆరు నెలల్లో అయ్యే చదువు వదులుకుందని ప్రకాశం దారంతా చిర్రుబుర్రులాడాడు.

మర్నాడు మా పేటలోని ప్రసూతి కేంద్రానికి వెళ్లి, అక్కడి నర్సు లీలమ్మను ఎక్కడ చదివావని అడిగింది.

"సర్కారు శిక్షణ బిడ్డా. ఏఎన్ఎం అంటరు. రెండేండ్లు హాస్టల్ల ఉండాలె. బెడ్‌ప్యాన్లు కడుగుడు కాడికెల్లి పురుడు పోసుడు దాంక నేర్పిస్తరు. పాసైతే నర్సుల కౌన్సిల్ల పేరెక్కుతది, సర్కారు నౌకరీకి పనికొస్తవు. ఇంక పైకి పోవాల్నంటే ఏఎన్ఎంల మీద పెద్ద, హెల్త్ విజిటర్ కూడ కావచ్చు. కానీ ముందుగాల ఒక పూట నా ఎంబడుండి చూడు."

చూసింది. కాన్పు గదిలో నెత్తురు చూసి కళ్లు తిరిగాయి. బయటికొచ్చి నల్లా కింద మొహం కడుక్కుంది. ఇంటికి పోతుందనుకుంది లీలమ్మ. పుష్పమ్మ కొంగు బిగించి మళ్లీ లోపలికే వెళ్లింది.

ఇంటికొచ్చి తండ్రితో ఒకే మాట అంది. "బాపూ, నాకు భయమైంది. అయినా గీ పనే చేస్త." సీటు రాగానే ప్రకాశమే హాస్టలుకు ట్రంకుపెట్టె మోసుకెళ్లాడు.

చదువయ్యాక యాకుత్‌పురాలో ఉద్యోగం వచ్చింది. గర్భిణుల్ని చూడడానికి ఇల్లిల్లూ తిరిగేది. ఒక ఇంట్లో నెలలు నిండిన కోడలు మొహం ఉబ్బి, తలనొప్పితో, చూపు మసకగా ఉందంటూ పడుకుని ఉంది. బీపీ చూస్తే బాగా ఎక్కువ. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంది. తమ ఇంటి ఆడవాళ్లెవరూ ఆసుపత్రిలో కనలేదని అత్తగారు గడపకు అడ్డంగా నిలబడింది.

పుష్పమ్మ గొంతు పెంచలేదు. ఆ పెద్దావిడ చేయి పట్టుకుని, "అమ్మా, ఆప్ భీ చలో. మై బాజూమేచ్ రహతీ," అంది. మీరూ రండి, నేను పక్కనే ఉంటానన్న ఆ మాటతో ఆవిడ మెత్తబడి బురఖా తెచ్చుకుంది. ముగ్గురూ ఒకే రిక్షాలో ఇరుక్కుని వెళ్లారు. తల్లీ బిడ్డా దక్కారు. పుష్పమ్మ మాటిచ్చినట్టే కాన్పు అయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఆ గల్లీలో ఆమెకు తెరుచుకోని తలుపు లేదు.

ముప్పై దాటాక, ఇద్దరు పిల్లల తల్లిగా, హెల్త్ విజిటర్ శిక్షణకు సీటొచ్చింది. "ఇంక నీకెందుకే చదువు?" అంది సుందరమ్మ.

"నాకు తెల్వనిది ఇంక మస్తుందమ్మా," అంటూ పిల్లల్ని ఆమె ఒళ్లో కూర్చోబెట్టి వెళ్లింది. తనకంటే చిన్నవాళ్ల పక్కన బల్ల మీద కూర్చుని చదివి పాసైంది. ఆ తర్వాత ఆమె చేతి కింద ఏఎన్ఎంలు పనిచేశారు. ఒకసారి నా మనవరాలి కాన్పు కోసం ఆమె కేంద్రానికి నేను వెళ్తే, కొత్తగా చేరిన అమ్మాయికి బీపీ పట్టీ ఎలా చుట్టాలో తన చేతికే చుట్టించుకుని నేర్పిస్తూ కనిపించింది.