వేయని తాళం

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు నన్ను సెషన్స్ కోర్టులో అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడపడం మా పని. అక్కడ నాకు అప్పగించిన తొలి కేసుల్లో మధురానగర్ ఇంటి కేసు ఒకటి.

ఆ ఇంటి మొదటి అంతస్తులో ఇద్దరమ్మాయిలు అద్దెకుండేవారు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన మంజుల నర్సు. భీమవరం అమ్మాయి సుజాత పంజాగుట్టలో బట్టల షాపు క్యాషియరు. ఒక ఉదయం సుజాత పనికి వెళ్ళాక, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మంజుల అలికిడికి లేచింది. బీరువా దగ్గరున్న దొంగ ఇనుపరాడ్‌తో కొడితే ఆమె మణికట్టు విరిగింది. వాడు పారిపోతుంటే వీధివాళ్ళు పట్టుకున్నారు.

కోర్టులో మాత్రం వాదనంతా వాడు ఎలా వచ్చాడన్నదాని మీదే నడిచింది. ఊచలు వంచో, తాళం తీసో వస్తే చట్టం దాన్ని గృహభేదనం అంటుంది, శిక్ష ఎక్కువ. తెరిచి ఉన్న తలుపు తోసుకొస్తే అక్రమ ప్రవేశం మాత్రమే. వంటింటి బాల్కనీ ఊచ వంచాడని పోలీసులు రాశారు. అది ఎప్పట్నుంచో వంగే ఉందని డిఫెన్సు లాయరు.

సాక్ష్యానికి ముందు సుజాత వరండాలో నా దగ్గరకొచ్చింది.

"ఆరోజు లేటయిందని తలుపు దగ్గరకు లాగేసి వెళ్ళిపోయానండి. తలుపుకున్న తాళం వేయలేదు. మంజులకి కూడా చెప్పలేదు. చెబితే నా మొహం చూస్తుందా సార్?"

నా పెద్ద సెక్షన్ పోతుందని మొదట చిరాకేసింది. అయినా ఆమె బోనెక్కాక, తాళం వేశారా అని నేనే అడిగాను. తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

డిఫెన్సు లాయరు లేచాడు. "అంటే, ఇదంతా మీ నిర్లక్ష్యం వల్లే కదమ్మా?"

"అవునండి" అంది ఏడుస్తూ.

బయట గోడవైపు తిరిగి, చున్నీతో మొహం కప్పుకుని నిలబడింది. వెనక బెంచీలో కూర్చుని అంతా విన్న మంజుల ఆమె దగ్గరకెళ్ళింది.

"గిన్ని దినాలు గిదా లోపల వెట్టుకున్నవ్? నువ్వు తాళమెయ్యకుంటే నన్ను కొట్టుమని ఆనికి చెప్పినట్టా?"

సుజాత చున్నీ తీయలేదు.

గృహభేదనం కొట్టేశారు. అక్రమ ప్రవేశానికీ, చెయ్యి విరగ్గొట్టినందుకూ శిక్ష పడింది. తీర్పు నకలు కోసం మంజుల ఒక్కతే వచ్చింది. సుజాత అమీర్‌పేటలో హాస్టల్‌కు మారిపోయిందట.

"తప్పు నీది గాదని మస్తు చెప్పిన సార్, ఉండలేకపోయింది."

ఎలా వచ్చాడన్న ప్రశ్న, వినేవాళ్ళకు ఎవరి తప్పన్న ప్రశ్నలా వినిపిస్తుంది. మీ నిర్లక్ష్యం వల్లే కదా అని డిఫెన్సు అడిగినప్పుడు లేచి అభ్యంతరం చెప్పడం ప్రాసిక్యూటరు పని. ఆరోజు నేను కూర్చునే ఉన్నాను.