ఇరుగుపొరుగు మాస్టారు

ఎదురుగా ఏనుగొచ్చి నిలబడ్డా ఆయన ఏనుగుని చూడరు. దాని పక్కన ఎవరున్నారో చూస్తారు. అందుకే ఆ రేడియో టెలిస్కోపు కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్తకి ఇరుగుపొరుగు మాస్టారని పేరు.

ఓసారి టీలో ఉప్పు పడింది. వేరే మొగుడైతే ఇల్లెగిరిపోయేలా కేకలేస్తాడు. ఈయన గ్లాసు పట్టుకుని తిన్నగా వంటింట్లోకెళ్లి, "ఏమోయ్, చక్కెర డబ్బా పక్కన ఏం పెట్టావు?" అని ఆరా తీశారు.

"మిమ్మల్నే పెడదామనుకున్నా, అలమరలో పట్టలేదు" అంది వాళ్లావిడ.

పాపం, ఆయన ఉద్యోగమే అది. ఎక్కడో దూరపు గెలాక్సీలోంచి సెకనులో వెయ్యోవంతు సేపు ఓ రేడియో మెరుపు వస్తుంది. కొన్ని ఒకసారొచ్చి ఊరుకోవు, మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ తరంగం దారిలో ఎంత మెలితిరిగిందో కొలిస్తే, పుట్టినచోట దాని చుట్టూ ఎంత వాయువుందో, ఎంత అయస్కాంత శక్తి ఉందో తెలుస్తుంది.

కొత్తగా చేరిన పరిశోధకురాలికి మాత్రం ఆయనంటే ఒళ్లుమంట. ఆమె నమ్ముకున్న మెరుపు జాడ నలభై రోజులుగా లేదు. శుక్రవారంలోగా కనపడకపోతే కమిటీ ఆమె టెలిస్కోపు టైము ఇంకొకళ్లకి ఇచ్చేస్తుంది, మూడేళ్ల కష్టం నీటిపాలు. ఈయనకి అదేం పట్టదు! ఆర్నెల్లలో ఆమెని మూడో బల్లకి మార్చారు. మొదటిది ప్రింటరు పక్కన. రెండోది, పలకరిస్తే ఉలిక్కిపడే లెక్కల మేధావి పక్కన. ఇప్పుడు నోరు మూతపడని లైబ్రరీ అక్క పక్కన.

"మళ్లీ ఎందుకు సార్?"

"ఇరుగుపొరుగు బాగాలేదమ్మాయ్."

"నాకు బాగానే ఉంది సార్!"

"నిన్నెవరడిగారు?"

గురువారం పొద్దున్నే ఏడుపు మొహంతో ఆయన గదికి వెళ్లింది. "సార్, నా మెరుపు చచ్చిపోయింది."

"దాని పక్కన ఎవరున్నారు?"

"పోయిందని మొత్తుకుంటుంటే పొరుగువాళ్ల గొడవేంటి సార్!"

"అది కనపడిన ఆఖరి వారం మెలిక ఎంతుంది?"

"రోజురోజుకీ పెరిగింది."

"అంటే చుట్టూ వాయువు చిక్కబడిందన్నమాట. అది నోరు మూసుకోలేదే పిచ్చి తల్లీ, పొరుగువాళ్లు దుప్పటి కప్పేశారు! ఇంకా పెద్ద ఫ్రీక్వెన్సీలో వెతుకు. దూరి వస్తుంది."

రిసీవరు మార్చారు. మధ్యాహ్నం మూడింటికి తెరమీద సన్నటి గీత. ఐదు నిమిషాలకి ఇంకోటి! ఆమె ఎగిరి గెంతింది. లైబ్రరీ అక్క సంగతేంటో తెలియకపోయినా తనూ గెంతింది. మర్నాడు కమిటీ కిక్కురుమనకుండా సంతకం పెట్టింది.

పాత కొలతలు చూసుకోమని మాస్టారు తన నోటుపుస్తకం ఇచ్చారు. మెరుపుల లెక్కలన్నీ అయ్యాక ఆఖరి పేజీలో ఆమె పేరుంది.

"మొదటి బల్ల: పొరుగు, ప్రింటరు. పలకరించే దిక్కులేదు. టిఫిను డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోతోంది.

రెండో బల్ల: పొరుగు, మేధావి. ఇద్దరూ మౌనం. తప్పు నాదే.

మూడో బల్ల: పొరుగు, లైబ్రరీ అక్క. మంగళవారం ఒక నవ్వు. బుధవారం రెండు. మళ్లీ మళ్లీ వస్తోంది. ఇక కదపకూడదు."

ఆమె పుస్తకం తిరిగివ్వడానికి వెళ్లింది.

"కావలసింది దొరికిందా?"

"దొరికింది సార్" అంటూనే ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

మాస్టారు తలెత్తి ఆమెని చూడలేదు. గోడ గడియారం చూసి, పుస్తకం ఆఖరి పేజీలో టైము రాసుకున్నారు.