మా ఆయన ఈత

మా ఆయనకు ఈత వస్తాదని పెండ్లయిన ఇన్నేండ్లకు నాకు తెలిసింది. అదీ ఆయన చెప్పి కాదు. సముద్రం నడిమధ్య చిన్న దీవిలో, ముందురోజే పరిచయమైన ఒక ముసలాయన చెప్తే తెలిసింది.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. మామిడి కాలమంతా మా ఆయన గూడ్స్ ఆటోలో తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోల్తాడు. చలికాలంలో బాడుగలు తక్కువ. నేను ఇంట్లో జాకెట్లు కుడతా. కుట్టించుకునేదానికొచ్చిన ఒకామె ఫోన్లో ఫోటోలు చూపించినప్పటి నుంచి అండమాన్ చూడాలని నాకు పిచ్చి పట్టింది. విమానం ఎక్కే స్తోమత యాడిది? పిల్లోళ్ళను మా అమ్మ దగ్గర వదిలి, చెన్నైలో ఓడెక్కినాము. అన్నిటికంటే తక్కువ టికెట్టు, రైల్లో మాదిరి ఒకదాని మీద ఒకటుండే బెర్తుల్లో పడుకోవాల. దోవ పొడుగునా నాకు వాంతులే. ఆయన పక్కన కూర్చొని నిమ్మకాయ వాసన చూపించినాడే గాని నోరు తెరిచింది లేదు. ఆయన మనిషే అంత. ఇంట్లో కూడా 'అన్నం పెట్టు', 'బాడుగుండాది', ఆ రెండు మాటలే.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇంకో పడవెక్కి నీల్ దీవిలో దిగినాము. ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన ముసలాయన ఇంటెనకాల వెదురు గది అద్దెకు దొరికింది. ఆ దీవిలో ఎవురికీ తొందర లేదు. సబ్బు కొందామని మధ్యాన్నం అంగడి తలుపు తడితే, లోపల పడుకున్నాయన లేవకుండానే సాయంత్రం రమ్మన్నాడు.

మరసటి పొద్దున లేచి చూస్తే ఈయన పక్కన లేడు. శానాసేపటికి వచ్చినాడు, ముసలాయనతో కలిసి, తల తడుపుకొని, నవ్వుకుంటా. అట్ల పండ్లన్నీ కనపడేట్టు నవ్వేది నేను చూసి ఎన్నేండ్లయిందో!

"మీ ఆయన సేపలాగ ఈదేస్తన్నాడమ్మా! బావిలో నేర్సుకున్న ఈత సముద్రంలో పనికొస్తాదేటి అన్నాను. నన్నే దాటిపోనాడు" అన్నాడు ముసలాయన.

ఈయనేంది, ఈతేంది?

ఆ పగలంతా ఇద్దురూ కొబ్బరిచెట్టు కింద కూర్చొని వల బాగుచేసుకుంటా మాట్లాడుతానే ఉండారు. నేను గుడ్డలారేస్తా వింటా ఉండా. చిన్నప్పుడు వాళ్ళ నాయన నడుముకు ఎండు సొరబుర్ర కట్టి బావిలోకి తోసినాడంట. మిట్టమధ్యాన్నం బడి ఎగ్గొట్టి గట్టు మీద నుంచి దూకేవాళ్ళంట. ఒక్క ముక్క నాకు తెలీదు. కడుపు మండిపోయింది. ఇంకో ఆడమనిషైతే జుట్టు పట్టుకొని కొట్లాడుందును. పండ్లూడిపోయిన ముసలాయనతో ఏమని కొట్లాడేది?

సాయంత్రం సముద్రం గట్టున మేమిద్దురమే కూర్చున్నప్పుడు అడిగేసినా. "మీకు ఈతొస్తాదని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి యాడ ఈదేది? నువ్వు కాపురానికొచ్చేనాటికే బావి ఎండిపాయె. ఆనక అన్నీ బోర్లే కదా."

"మరి ఆయనకెట్ల చెప్పినారు?"

"ఆయన అడిగినాడు."

అంతే. మా ఆయన తప్పు పట్టి అనలేదు, ఉన్న మాట అన్నాడు. అందుకే ఇంకా ఎక్కువ కాలింది నాకు.

మర్నాడు అలిగి బాడుగ సైకిలు తీసుకొని ఒక్కదాన్నే పోయినా. వక్కతోటలు, కూరగాయల మళ్ళు, అద్దం మాదిరి నీళ్ళు. అంత అందం కంటి ముందరుంటే నాకేమో ఆ ఇద్దురూ ఇప్పుడేం మాట్లాడుకుంటా ఉంటారో అనే ధ్యాసే. సగం దోవలోనే ఎనక్కి తిప్పినా. అనుకున్నట్టే ఇద్దురూ నీళ్ళలో ఉండారు. సైకిలు ఇసకలో పడేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని నీళ్ళలోకి నడిచినా.

"నాకూ నేర్పించండి!"

ముసలాయన సంబరంగా నా తట్టు రాబోయినాడు. "ఇలారా తల్లీ, నాను..."

"వద్దులే పెద్దాయనా, ఈమెను నేను చూసుకుంటా" అన్నాడు మా ఆయన.

నా వీపు కింద అరచెయ్యి పెట్టినాడు. "తల ఎనక్కి వాల్చు. బిగబట్టుకోవద్దు. నేనుండా కదా" అన్నాడు. ముక్కుల్లోకి ఉప్పునీళ్ళు పోయి దగ్గుతా ఆయన మెడ పట్టుకున్నా. ఉన్నన్నాళ్ళూ పొద్దున పొద్దున అదే పని. ఈత రాలేదు గాని, తేలేది మాత్రం వచ్చింది.

ఊరికొచ్చినాక మళ్ళీ మామిడి కాలం మొదలైంది. ఆయన మళ్ళీ రెండు మాటల మనిషే. ఆదివారమొస్తే మాత్రం వరండాలో కూర్చొని ముసలాయనకు ఫోన్ చేస్తాడు. ఆటో టైరు మార్చిన సంగతి కూడా చెప్తాడు. నాకు ఇప్పటికీ మండతాది. మొన్న ఒక వారం ఫోన్ లాక్కొని నేనే అడిగినా.

"ఏం పెద్దాయనా, మా ఆయన మీకు ఇంకా ఏమేం చెప్పినాడు?"

ముసలాయన గట్టిగా నవ్వినాడు. "నానేటి సెప్పనమ్మా? పక్కనే ఉన్నాడు కదేటి, అడుగు!"

ఫోన్ పెట్టేసి అడిగినా. మా ఆయన "కూర్చో" అని చాప మీద పక్కకు జరిగినాడు.