తాడు దగ్గర తమ్ముడు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ పూర్తిచేసినవాడికి తెలియనిదేదీ ఉండదని ఒకటి, ఉద్యోగం వచ్చినవాడికి భయం ఉండదని రెండోది. నల్లమల అంచున తేనె కొనే ఒక సంస్థలో చేరాక, రెండూ ఒకే ఉదయం పోయాయి. చెంచులు తేనె ఎలా తీస్తారో చూసి, ఫొటోలతో సహా రాసుకురమ్మని మా ఆఫీసరుగారి ఆజ్ఞ. కొండకొమ్మున చెట్టుకి తాడు కట్టి, దాన్ని పట్టుకుని చరియలోకి దిగి, పొగబెట్టి పట్టు కోస్తారు. పైన తాడు దగ్గర ఒకరు కాపలా కూర్చోవాలి. తీరా నేను వెళ్లేసరికి, దిగాల్సిన మనిషి తన అన్నయ్య పక్కన కూర్చుని తీరిగ్గా చుట్ట కాలుస్తున్నాడు.

"ఇయ్యాల కాదు సార్. మా బామ్మర్ది మిరపకోతలకని గుంటూరు వైపు పోయాడు."

"మీ అన్నయ్య ఇక్కడే ఉన్నాడుగా, ఆయన్ని కూర్చోబెట్టండి!" అన్నాను, పెద్ద చిక్కుముడి విప్పినవాడిలా. అందరూ నవ్వారు. అన్నయ్య మరీ ఎక్కువ నవ్వాడు. "నన్నా సార్! మా ఇద్దరికీ చిన్నప్పట్నించీ ఎన్ని తగాదాలో!"

ఆ మనిషి భార్య నా అజ్ఞానానికి జాలిపడింది. "తాడు కాడ పెండ్లాం తోడబుట్టినోడే కూచోవాల. అక్క ఒంటిదైపోవాలని ఏ తమ్ముడూ అనుకోడు గదా సార్."

నాకు ఫొటోల తొందర. "అయితే నన్నే మీ తమ్ముడనుకోండి అక్కా" అనేశాను.

ఆమె నవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి చూసింది. "అనుకోడం కాదు. అవుతావా? ఏమొచ్చినా లెయ్యగూడదు మరి."

"అవుతాను."

ఆయన దిగాడు. మొదటి పది నిమిషాలూ నా దర్జా చూడాల్సిందే. తర్వాత గాలి తిరిగింది. పొగ అటు పోయింది, తేనెటీగలు ఇటొచ్చాయి. కొత్త చుట్టాన్ని అవీ పలకరించాయి: కనుబొమ మీద, చెవి మీద, చివరికి పెదవి మీద. పరిగెత్తమని కాళ్లు, కూర్చోమని అక్క చూపు. "బావా, అయిందా?" అని ఏడుపుగొంతుతో అరిచాను. "ఇంకో పట్టుంది బామ్మర్దీ!" అని కింది నుంచి హుషారుగా జవాబు. (ధైర్యంతో కూర్చున్నానని మీరనుకుంటే కాదనను. నిజానికి తాడుని రెండు చేతులా వాటేసుకుని, కళ్లు మూసుకున్నాను.)

బావ పైకొచ్చి నా ముఖం చూశాడు. మంచి తేనెముక్క తుంచి చేతిలో పెట్టాడు. తిందామంటే వాచిన నోరు తెరుచుకోలేదు. అక్క ఏదో ఆకు నలిపి పసరు రాసి, "మా తమ్ముడైతే ఇంతగా అరవడు" అంది. ఫొటో ఒక్కటీ రాలేదు. తేనె ఎలా తీస్తారయ్యా అని ఆఫీసరుగారడిగితే, "కదలకుండా సార్" అన్నాను.

తర్వాత నా పెళ్లిచూపుల్లో నేనడిగింది ఒకటే: "మీకు తమ్ముళ్లున్నారా?" ఆస్తి పంపకాల ఆరా అనుకుని మామగారు ముఖం ముడుచుకున్నారు. ఇప్పటికీ ఫ్యాను తుడవడానికి నిచ్చెనెక్కితే, కింద పట్టుకున్నది బావమరిదేనా అని ఒకసారి చూసుకుంటాను. చూసుకున్నప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. తర్వాత చాలా కుర్చీల్లో కూర్చున్నాను కానీ, అంత నమ్మి నన్ను మళ్లీ ఎవరూ ఎక్కడా కూర్చోబెట్టలేదు.